శుక్రవారం కర్పూరం

హలో… ఆఁ, నేనేన్నా, జ్ఞానాంబని. మీ బావ యాడెత్తుతాడు ఫోను, రెండు సేతులకీ కట్లుండాయి గదా.

…ఆసుపత్రిలోనే. తిరుపతిలోనే ఉండాము. నగరికి, ఇంటికి ఎప్పుడు పంపిస్తారో ఇంకా సెప్పలేదు.

…నొప్పా? ఉండాది. ఆయన అరవడు గదా. పండ్లు కొరుక్కోని పైనుండే ఫ్యాను సూస్తా పండుకోనుంటాడు.

…అవునన్నా. దేవుడు పరీక్ష పెడతా ఉండాడు, అవును… కావాల్సినోళ్లకే పెడతాడా? సరే. మా మింద అంత ప్రేమెందుకో ఆ సామికి. కొంచెం ఆ మరమగ్గాల షెడ్డు ఓనరు, ఆ ముదలాళి మింద గూడా సూపించమను. మాకు కడుపు నిండిపోయింది.

— ఎగతాళి గాదన్నా. ఏడ్సి ఏడ్సి నా నోరు ఇట్ల తయారైంది.

…పాపమా? అది మొన్నొచ్చి నీ పెండ్లామే సెప్పి పోయింది. నీసు ముట్టగూడని పెరటాసి నెల శనివారం మీ బావ కోడిగుడ్డు తిన్నాడంట, అందుకే సేతులు కాలినాయంట. "తిన్నింది నోరు గదా కోమలొదినా, సేతులేం సేసినాయి" అంటే, తెచ్చిన అరటిపండ్లు ఆడ పెట్టి లేసిపోయింది.

…ఏం జరిగినా మన మంచికేనా?

…ఎవురి మంచికన్నా? పేరు సెప్పు. వైర్లు సరిగా లేక కాలిందంటే ముదలాళికి ఇన్సూరెన్సు రాదంట. ధనశేఖర్ వెలిగించిన కర్పూరంతో కాలిందంటే వస్తాదంట. అందుకని మీ బావ మింద కేసు. దేవుని ఉద్దేశమూ ముదలాళి ఉద్దేశమూ ఎంత బాగా కలిసినాయో సూడు. పెండ్లి జాతకాలు గూడా అట్ల కలవవు.

…తెలుసన్నా, నిప్పంటే నిప్పే. శుక్రవారం శుక్రవారం మగ్గాలకు హారతిచ్చేది నీకు తెలీనిదా? ఇన్నేండ్లు కాలని షెడ్డు ఆ పొద్దే కాలిందా? మీటరు బోర్డులో నిప్పురవ్వలు లేస్తా ఉండాయి, వైర్లు మార్పించయ్యా అని ముదలాళికి సెప్పి సెప్పి తిట్లు తిన్నింది మీ బావ. ఆ పొద్దు బోర్డు పక్కన నిలబడుకోనుండింది నువ్వు. "బావా, బోర్డు అంటుకునింది" అని మొదట అరిసింది నువ్వు.

…ఊఁ. అందుకే అడగతా ఉండా. రేపు పోలీసు ఇన్‌స్పెక్టరు వస్తాడంట గదా. సూసింది సూసినట్టు సెప్పు, సాలు. దేవుని ఉద్దేశం నాకొద్దు. నువ్వు సూసింది కావాల.

…ఏమీ? వచ్చి పోయినాడా?

…ఈ పొద్దే. ఓహో… నిన్నడిగినాడా? ఏమని సెప్పినావు?

…

…హారతప్పుడు కండ్లు మూసుకోనుంటివా?

అన్నా, కండ్లు మూసుకునేదానికా హారతిచ్చేది? సూసేదానికి గదా. సూసి కండ్లకద్దుకునేదానికి. సిన్నప్పట్నించీ హారతి పళ్లెంలో ఎవురికన్నా ముందు సెయ్యి పెట్టేది నువ్వే, అమ్మ సెయ్యి మింద ఒకటి తగిలిస్తా ఉండె. ఆ ఇన్‌స్పెక్టరు ఏ గుడికీ పోయినట్టు లేడు పాపం. నమ్మి రాసుకోని పోయినాడు.

…పిల్లోళ్లుండారు నీకు. తెలుసు. మాకూ ఉండారు.

…కొత్త షెడ్డుకు నిన్నే మేస్త్రీని సేస్తానన్నాడా? ఆ మాట సెప్పింది దేవుడా, ముదలాళా?

— అరవొద్దన్నా, సరిగా ఇనపడదు. ఏందా గోవిందలు? యాడుండావు నువ్వు?

…కొండ మిందనా.

…మొక్కునా. పానం కాపాడినాడని గుండు కొట్టించుకుంటా ఉండావా? కొట్టించుకో. కాపాడినాడు గదా. పొగలో నువ్వు సొమ్మసిల్లి పడిపోతే, బయటపడినోడు మళ్లా లోపలికొచ్చినాడు. కాలతా ఉండే నూలు సేతుల్తో పక్కకు తోసి, నీ సంకల కింద సేతులేసి ఈడ్సకొచ్చినాడు. ఆ సామి ఈడ మగోళ్ల వార్డులో పండుకోనుండాడు. కొండ దిగినాక వచ్చి సూసిపో. క్యూ లేదు, టోకెను లేదు, ఎంతసేపైనా నిలబడి సూడొచ్చు. నైవేద్యం మాత్రం నేనే నోట్లో పెట్టాల.

…ఆయన పేరు సెప్పి మొక్కుకుంటావా? వద్దన్నా. సెప్పాల్సిన కాడ సెప్పలేదు. ఆడ సెప్తే ఏం, సెప్పకపోతే ఏం.

…ఏడవద్దు.

…ఏడవద్దంటే. నువ్వేడిస్తే నాకు కోపం నిలబడదు. ఈ పొద్దు అది నిలబడాల.

…దేవుని మింద కోపమా? లేదన్నా. ఆయనేమన్నా నాకు తోడబుట్టినోడా?

…

…పోయి మళ్లా సెప్తావా? ఇంకొక తూరి ఇన్‌స్పెక్టరు కాడికి పోయి, కండ్లు తెరిసే ఉంటిని అని… సూస్తావా? ఏంది సూసేది? పోతావా, పోవా?

…ఉండు. ఒక నిమిషం. మీ బావ ఏందో అడగతా ఉండాడు. అంతా ఇన్నాడు ఈయన… ఏందయ్యా? …అదా అడిగేది ఇప్పుడు? …సరే, అడగతా, అడగతా, నువ్వు లేయొద్దు.

అన్నా, పొగకు పట్టుకునిన దగ్గు తగ్గిందా నీకు అంటా ఉండాడు. కొండ మింద సలిగా ఉంటాది, తలకేమన్నా కట్టుకోమంటా ఉండాడు.

…అన్నా?

…హలో… హలో.

…తగ్గిందంటయ్యా. ఆఁ, బాగుండాడంట. నోరు తెరువు, అన్నం సల్లారిపోతా ఉండాది.