నీలం చీటీ పంజరాలు

ఏమే, నీకు చలి కూడా వెయ్యదా? మా చెల్లి పోయి నాలుగేళ్లయింది. నువ్వు మాత్రం ఈ ఫ్రీజర్ సీసాలో హాయిగా కూర్చున్నావు!

నిన్నేనే! దాని రొమ్ములోంచి కోసి తీసిన గడ్డవి కదూ, నిన్నే. పుట్టినచోట పడుండకుండా ఊపిరితిత్తులకి పాకావు, ఎముకలకి పాకావు. చివర్లో దాన్ని లేపి కూర్చోబెట్టాలన్నా, ఎక్కడ ఎముక విరుగుతుందోనని భయమేసేది నాకు.

ఆపరేషన్ గది నుంచి ఈ ల్యాబుకి ఐసుపెట్టెలో నిన్ను మోసుకొచ్చింది నేనే, తెలుసా? "ఎవరికైనా పనికొస్తుందిలే అక్కా" అని సంతకం పెట్టేసింది, పిచ్చిది. ఇక్కడ ఎలకల గది చూసుకునేది నేనేగా మరి!

రెణ్ణెల్ల కిందట నీలోంచి ముక్కలు తీసి ఇరవై ఎలకలకి ఎక్కించారు. ఎలా పాకుతావో, కొత్త మందుకి ఆగుతావో లేదో చూడాలని. ఎర్ర చీటీ పంజరాల్లో పదింటికి మందు, నీలం చీటీ పంజరాల్లో పదింటికి ఉత్త ఉప్పునీళ్లు. సూది వెయ్యడం నా పని.

ఉప్పునీళ్లా? నీకా? మా చెల్లిని తిన్నట్టే ఆ పదింటినీ తీరిగ్గా తింటుంటే, నేను గింజలు పోస్తూ చూడాలా? చేతులు రాలేదే నాకు! మిగిలిన మందు పారబొయ్యమంటే దాచాను. నీలం చీటీ వాటికీ ఎక్కించాను. రోజూ. చావవే, చావు అని తిట్టుకుంటూ.

చచ్చావు కూడా! నిన్న కోసి చూస్తే ఇరవైలో ఒక్కదాని ఊపిరితిత్తుల్లోనూ నీ జాడ లేదు. ఎగిరి గంతెయ్యబోయాను.

ఇవాళ పొద్దున ఈ ల్యాబు నడిపే సారు పెదవి విరిచారు. "మందు ఇవ్వనివాటికీ పాకలేదు. ఇక మందు గొప్పేముంది? ఆపేద్దాం" అన్నారు.

నవ్వుకో, నవ్వుకో. నిన్ను చంపే మందుని చేజేతులా చెత్తబుట్టలో వేయించాను. ఎందరి చెల్లెళ్లని నీ జాతి నోటికి అందించానో!

ఆగు, అప్పుడే సంబరపడకు. సారు పక్కగదిలోనే ఉన్నారు. వెళ్లి చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ. మళ్లీ ఇరవై ఎలకలు తెస్తారు. నీలం చీటీ పదింటినీ నీకే వదిలేస్తారు. తిను, కడుపునిండా తిను! అక్కడ నువ్వు తింటేనే కదా, ఎర్ర చీటీ పంజరాల్లో చచ్చింది మందు వల్లేనని నమ్ముతారు.

చస్తావే, తప్పకుండా చస్తావు. ఆ సూది వేసే చెయ్యి మాత్రం నాది కాదు. అదే నా కడుపుమంట.