అమ్మకి మాత్ర ఎవరిచ్చారు

ఆసుపత్రి రెండో అంతస్తు. లోపలి గదిలో పెద్దావిడకి రక్తం ఎక్కిస్తున్నారు. బయట బెంచీ మీద ఆవిడ కూతురూ, కోడలూ.

“నన్నడిగితే నేనేం చెప్తాను? ల్యాబులో పనిచేసేది నువ్వు కదా.”

“ల్యాబు చెప్పింది కాబట్టే అడుగుతున్నాను వదినా. అమ్మకి ఆస్పిరిన్ ఎవరిచ్చారు?”

“ఎవరూ ఇవ్వలేదు.”

“పొద్దున డాక్టరుతోనూ ఇదే అన్నావు. నేనిచ్చే మాత్ర కాక నొప్పి మాత్రలింకేమైనా వాడతారా అంటే, అబ్బే లేదండీ అన్నావు. ఆయన నమ్మాడు. నేను నమ్మలేదు.”

“నువ్వు నన్నెప్పుడు నమ్మావు గనక.”

“మాట మార్చకు. అమ్మ రక్తం కాస్త మా ల్యాబుకి పట్టుకెళ్ళాను. గాయమైతే గుమిగూడి రక్తాన్ని ఆపే ప్లేట్‌లెట్లుంటాయి చూడు, వాటిని పరీక్ష చేశాను. గుమిగూడట్లేదు. వాటిలో ఉండాల్సిన ఎంజైము చచ్చి పడుంది.”

“ఏ ఎంజైము?”

“నేనిన్నేళ్ళుగా పట్టుకు వేలాడుతున్నదే.”

“ఓహో. మీ అన్నయ్య ‘మా బావగారు’ అని వెక్కిరిస్తారే, అదా.”

“నవ్వులాటగా ఉందా నీకు? విను. ఒకేలాంటి రెండు ముక్కలు జతగా అతుక్కుంటే ఆ ఎంజైము. ఒక్కో ముక్కలో ఓ సన్నటి సొరంగం. ఒంట్లోని కొవ్వు నుంచి ఊడొచ్చిన తునక ఆ సొరంగంలో దూరుతుంది. లోపల దానికి ఆక్సిజన్ తగులుకుంటుంది. ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల తయారీకి ముడిసరుకై బయటికొస్తుంది. కడుపు లోపలి పొర నిలబడేదీ, రక్తం గడ్డకట్టేదీ, మోకాలు వాచి నొప్పెట్టేదీ ఆ సరుకుతోనే.”

“అన్ని పనులూ ఒక్కటే చేస్తుందా?”

“అక్కచెల్లెళ్ళలా రెండున్నాయిలే. మొదటిది ఎప్పుడూ ఇంట్లోనే ఉండి కడుపుని కాచుకుంటుంది. రెండోది ఎక్కువగా వాపో మంటో వచ్చినప్పుడే దిగుతుంది.”

“అయితే మొదటిది నేను, రెండోది నువ్వు. పొద్దస్తమానం వంటింట్లో పడుండేది నేను, మంటలప్పుడు దిగేది నువ్వు.”

“వదినా.”

“సర్లే, చెప్పు.”

“ఆస్పిరిన్ రెంటికీ అడ్డం పడుతుంది. సొరంగంలో తన ముక్కొకటి అంటించేసి పోతుంది. ఇంక ఊడదు. మిగతా నొప్పి మాత్రలు కాసేపుండి వదిలేస్తాయి, ఇది వదలదు. ప్లేట్‌లెట్లకేమో కొత్త ఎంజైము చేసుకునే తాహతు లేదు. ఎప్పుడో ఒకటి మింగి ఉంటే ఈపాటికి కొత్త ప్లేట్‌లెట్లు పుట్టుకొచ్చేవి. అమ్మ రక్తంలో పనికొచ్చేవి లేనట్టే. అంటే రోజూ పడుతోంది.”

“ఆవిడే తెప్పించుకున్నారేమో.”

“ఎవరిచేత? అసలెందుకు? నా పరిశోధనలోంచి వచ్చిన మాత్రతో మోకాళ్ళు బాగయ్యాయిగా. నేను రాగానే తనే లేచి నడిచొస్తోంది. పైగా నా మాత్ర కడుపు జోలికి పెద్దగా పోదు. రెండోదాని సొరంగం పక్కన చిన్న అరుంటుంది, మొదటిదానికి అక్కడ చోటుండదు. నా మాత్ర ఆ అరలో సర్దుకుంటుంది. కడుపుని కాచేదాన్ని వదిలేస్తుంది. అలాంటిది పెట్టుకుని, నొప్పి లేని మనిషికి ఆస్పిరిన్ ఎందుకు పోశావు?”

“పోశానని ఎవరన్నారు?”

“పక్కింటావిడ. గ్లాసులో ఏదో నలిపి కలుపుతున్నావని ఆవిడ చెప్పిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. అందుకేగా ల్యాబు నుంచి తిన్నగా మీ ఇంటికొచ్చి కూర్చుంటున్నది.”

“ఆవిడకి పనీపాటా లేదు. నీకు బుద్ధి లేదు.”

“అమ్మ నీకు బరువైపోయిందా వదినా?”

“ఆ మాటనకు.”

“అనక ఏం చెయ్యను?”

“అనకు అంటున్నానా. ఒళ్ళు రుద్ది స్నానం చేయించేదెవరు? తల దువ్వేదెవరు? మా అమ్మకి కూడా ఇంత చెయ్యలేదు నేను.”

“మరి నిజం చెప్పు. డాక్టరు మళ్ళీ వస్తాడు. కడుపులో పుండులోంచి రక్తం ఆగట్లేదు. బయటివాళ్ళ ప్లేట్‌లెట్లు ఎక్కించాలో, కోసి కుట్టాలో తేల్చుకోవాలి ఆయన. ఆస్పిరిన్ ఎన్నాళ్ళ నుంచి, రోజుకెన్ని, అది తెలియాలి. నా పరీక్షకి అదంతా తెలీదు, నీకు తెలుసు. నువ్వు నోరు విప్పకపోతే నాకు అమ్మ దక్కదు.”

“నన్నడక్కు.”

“వదినా, కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను.”

“నేనే ఇచ్చాను.”

“ఏంటీ?”

“నేనే కొన్నాను. తొందరగా పనిచేస్తుందని నేనే నలిపి నీళ్ళలో కలిపాను. ఒక్కోసారికి రెండు. డాక్టరు అడిగినప్పుడు భయమేసింది. పద, చెప్పేద్దాం.”

“ఉండు. ఎందుకిచ్చావు?”

“అడిగారు కాబట్టి. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టేయించుకున్నారు కూడా.”

“ఎవరు?”

“ఇంకెవరు, అత్తయ్య.”

“అమ్మా? అమ్మకెందుకు, నా మాత్ర ఉండగా?”

“నీ మాత్ర పనిచెయ్యలేదు.”

“అబద్ధం. నా కళ్ళారా చూశాను, ఎంత బాగా నడుస్తోందో.”

“నువ్వు చూసేటప్పుడు నడిచారు. తక్కినప్పుడు మంచం దిగాలంటే నా భుజం ఉండాల్సిందే. నీతో చెప్దామని ఎన్నిసార్లన్నానో. ‘పిల్ల ఆ పరిశోధన కోసం పెళ్ళే వద్దనుకుంది, అది నా మోకాళ్ళ దగ్గరే ఓడిపోయిందని నేనెలా చెప్పను’ అని ఏడ్చారు. ఆవిడ ఏడిస్తే నాకు కాళ్ళూ చేతులూ ఆడవు. బుద్ధి తక్కువై కొనిచ్చాను.”

“నాకు తెలియకూడదనా? నాకోసమా ఇదంతా?”

“నువ్వొచ్చే ముందు వేసుకునేవారు, నువ్వున్నంతసేపూ తిరగడానికి. నువ్వు రాని రోజు దాని మొహం కూడా చూసేవారు కాదు.”

“కాదు. లెక్క కుదరట్లేదు వదినా. రక్తం చూస్తే రోజూ వేసుకున్నట్టుంది.”

“నెలకోసారి వచ్చేదానివి, నెలకోసారే వేసుకునేవారు. నామీద కాపలాకని రోజూ రావడం మొదలెట్టింది నువ్వే.”