నర్సుబాయి చెలకల రాయి

నర్సుబాయి ఉండేది, కొయ్యపని చేసే వడ్లోళ్ల నర్సుబాయి. మొగుడు పోయినా బాడిశ కిందపెట్టలే. ఊరందరి నాగళ్లూ ఆమే చెక్కేది, అయినా ఊరు మాత్రం 'వడ్లాయన పెండ్లాం' అనే పిలిచేది అనుకో. ఆమెకున్నది గోదారి ఒడ్డున ఒక్క చెలక. ఏమైందంటే, ఆ ఏడు వానకు చెలక నడుమ మట్టి కొట్టుకుపోయి, మనిషంత పొడుగు రాయి తేలిందంట. గుండ్రంగ, నల్లగ. పటేల్ భూంరెడ్డి వచ్చి చూసి, ఇది రాక్షసుని తొడెముక అన్నడంట. అనుడే కాదు, దానికి నూనె పూసి, పసుపు మెత్తి, కుంకుమ అద్ది, ఇక్కడ గుడి కట్టాలె, ఆడోళ్లు ఈ చెలకల కాలు పెట్టొద్దు అన్నడు. చెలకెవరిది? ఆడదానిదే! చూసిండ్రా రాక్షసుని తెలివి, ఊరంత ఇడిసిపెట్టి సరిగ్గా మొగుడు లేనామె చెలకలనే పండుకున్నడు.

నర్సుబాయి ఏడ్చిందా? ఏడ్వలే. తెల్లారి బిందెడు నీళ్లు, పీచు పట్టుకపోయి, రాయి విరిగిన కొనకున్న పసుపూ కుంకుమా రుద్ది రుద్ది కడిగిందంట. ఊరంత ఉరికొచ్చింది. "కండ్లు పోతయి నర్సుబాయీ!" అని పటేలు మొత్తుకుంటుంటే, "ఉండు పటేలా, మా నాయన కొయ్య కొనేటప్పుడు కోసిన మొఖం మీద నీళ్లు కొట్టి చూసేటోడు. తడిస్తె కొయ్య ఏదీ దాచుకోదు" అనుకుంట చెంబెడు నీళ్లు కొట్టింది. కొట్టిందా, ఇగ చూడుండ్రి, రాయిల వలయాలు! ఒకదాని చుట్టు ఒకటి. ఇంటికాడి టేకు మొద్దు తెప్పించి పక్కన పెట్టి దాని మీదా కొట్టింది. "ఎముకకు ఇన్ని వలయాలుంటయా? అంచుకు ఇట్ల బెరడుంటదా? ఇది చెట్టు. రాయెట్లయిందో నాకెరుక లేదు. మన టేకును చూడుండ్రి, ఏటేటా ఎండలకు ఆగి గట్టి గీత గీసుకున్నది. దీని గీతలు మసక, నడుమ జాగా వెడల్పు. దీనికి దప్పికే తెల్వదు. ఏడాది పొడుగూ తడే! ఈ ఎండల ఊళ్లె, మన తాతల తాతలు పుట్టకముందు, వానల అడవి ఉండె!"

ముసలి లచ్చువ్వ ఆ వలయాల మీద వేలు తిప్పి తిప్పి నవ్విందంట. "అయితె పటేలా, నీ రాక్షసుడేడి?" అన్నది. ఊరంత పకపక. పటేలు ఊకుంటడా? చెట్టయితేంది, చెట్టూ దేవుడే, గుడి కట్టాల్సిందే అన్నడు. "చెట్టయితె వడ్లోళ్లకు అప్పజెప్పు పటేలా, కొయ్య మంచిచెడ్డ చూసేది మేమే గద!" అన్నది నర్సుబాయి. ఇగ పటేలు కండువ దులుపుకోని ఇంటి తొవ్వ పట్టిండు.

ఆ ఏడు చెలకల జొన్న ఆమెనే వేసుకున్నది. కలుపు తీసే ఆడోళ్లు ఆ రాయి మీదనే కూసోని సద్ది తింటరు. పటేలు మాత్రం ఇప్పటికీ అటు పోతె చెప్పులిడిచి దండం పెడతడంట. ఆడదానికి కొయ్య చదువొచ్చని ఒప్పుకునుడు కన్నా రాక్షసునికి మొక్కుడే అల్కగున్నదేమో. పెట్టనియ్యుండ్రి పాపం, చెట్టుకేం నష్టం?