ఒంటికన్ను దొర పెంకు

దోనెకట్ట చివర చింతచెట్టు తెలుసుగా, ఒంటికన్ను దొర చింత? దాని కాయలు రాలి పురుగులు పట్టాలే గానీ ఈ ఊళ్ళో ఏ ఇల్లాలూ పులుసులో వేసి ఎరగదు. ఎందుకంటారా? నాకు తెలిసినంత ఎవడికీ తెలీదు, ఆ దొరని ఈ చేతులతో ఎత్తినవాణ్ణి నేను. ముప్పైమంది కదపలేని గోరీ పలకని ఒక్కణ్ణే లేపానంటే నవ్వుతావేంటే సుబ్బులూ? సరే, నలుగురం. ముందు పట్టినవాణ్ణి నేనేగా!

నా కుర్రతనంలో ఓ ఏడు ఉప్పెనకి ఒడ్డు కోసుకుపోయి, ఓడల కాలం నాటి ఓ వర్తకుడి గోరీ సముద్రంలోకి జారబోతుంటే, మునసబుగారు, పాపం ఎవరు కన్న బిడ్డో, పైకి తెచ్చి చింత కింద పెట్టండ్రా అన్నారు. మిట్టమధ్యాహ్నం తవ్వాం. పలకమీది పేరు ఉప్పుగాలికి అరిగిపోయింది. లోపల పెట్టె లేదు, పుర్రె కింద పిడికెడు మట్టి మూట, కళ్ళమీద రెండు కుండపెంకులు. అంతే. అన్నీ తెచ్చి చింత కింద పూడ్చాం గానీ, ఒక పెంకు నేను రొంటిన దోపుకున్నా. ఎందుకంటే ఏం చెప్పను, వయసు.

తర్వాత దాన్ని కథ కట్టి, తిరునాళ్ళలో చెప్పి, పుస్తకం కూడా అచ్చేయించా. పెంకులంటే ఎవడు వింటాడు? కళ్ళమీద బంగారు కాసులని రాశా. ఇంక చూస్కోండి, పలుగులతో వెళ్ళిన ప్రతివాడూ వణుక్కుంటూ వచ్చేవాడు. చింత కింద గోరీ దిబ్బమీద ఆ దొర దెయ్యమై కూర్చున్నాడట, ఒక కన్ను అరచేత్తో మూసుకుని, ఏమీ అనడట, వీళ్ళ చేతులవంకే చూస్తాడట. ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు. పులిని చెవులు పట్టి ఆడించినవాణ్ణి, ఆ మాట చెప్పే ధైర్యం లేకపోయింది.

అలా ఉండగా ఎస్తేరమ్మని ఓ పెద్దావిడ హైదరాబాదు నుంచి నా పుస్తకం పట్టుకుని వచ్చింది. వాళ్ళు యూదులట. ముత్తాత ఈ తీరానే పోయాడట, ఇటు దిగిన యూదుడు ఆయనొక్కడేనట, గోరీ దొరికితే ప్రార్థన చెప్పుకోవాలని ముసలి కాళ్ళతో ఊళ్ళు తిరుగుతోందట. మావాళ్ళు కళ్ళమీద పెట్టేది పెంకులు, బంగారం అన్నారంటే ఈయన మావాడు కాదు అన్నగారూ, వెళ్ళొస్తానని లేచింది.

చావిట్లో నలభైమంది. అయినా వక్కలసంచీలోంచి పెంకు తీసి ఆవిడ చేతిలో పెట్టి, బంగారం అబద్ధం, ఇది నేను దొంగిలించిందమ్మా అన్నాను. మట్టి మూట సంగతీ చెప్పా. అది వాళ్ళ పుణ్యభూమి మట్టట. ఆవిడ పెంకుని కళ్ళకద్దుకుంది.

మనవాళ్ళు ఊరుకుంటారా? వీడి మాట నమ్మకమ్మా, తవ్వి చూపిస్తామని పలుగులెత్తారు. ఆవిడ అడ్డం నిలబడి, పడుకున్నవాణ్ణి ఒకసారి లేపింది చాలు, గొప్పకి పోయేవాడు బంగారమంటాడు గానీ పెంకనడు, అందులోనూ దొంగిలించాననడు, నాకీ సాక్ష్యం చాలంది.

చింత కిందికి వెళ్ళి, దిబ్బమీద వేళ్ళతో గుంట తీసి, పెంకు ఉంచి, మట్టి కప్పి, వాళ్ళ ఆచారమట, పైన ఓ గులకరాయి పెట్టి ఏదో చదువుకుంది. అప్పుడు చూశా, నమ్మితే నమ్మండి లేకపోతే లేదు, దిబ్బమీద ఆ దొర కంటిమీది చెయ్యి దించి, పక్కకి ఒత్తిగిలి పడుకున్నాడు. ఆవిడకి కనిపించిందో లేదో నేనడగలేదు.

అంచేత అటు పోకండి. ఆయనేదో చేస్తాడని కాదు, పాపం ఇన్నాళ్ళకి నిద్రపట్టింది. తవ్వితే దొరికేవి రెండు పెంకులు, వాటికి కాపలా నేనున్నా. నేను పోయాక కూడా ఉంటా.