స్విచ్ మీద గ్లూ

హలో… ఆ, నేనే. నేనే బావా, మీ మరదల్ని! అక్క ఫోన్ నా దగ్గరుంది… లేదు, ఇవ్వను. తను మీతో మాట్లాడదంట.

ముందు ఇది చెప్పండి. అక్క డాన్సులో చేతులకీ కాళ్ళకీ కట్టుకునే లైట్ స్టిక్కులు ముట్టుకుంది మీరేనా?

…

ఆ! గ్లూ గన్నుతో! ఎంత ముద్దుగా చెప్తున్నారో, కేకు మీద క్రీము పెట్టినట్టు!

"స్విచ్ ఊడిపోతుందేమోనని—" అబ్బా! ఊడలేదు బావా. ఇంక ఈ జన్మలో ఊడదు కూడా!

అవి ఎవరు చేశారు? నేను! గొట్టాలు కోసి, లోపల తెల్ల కాయితం చుట్టి— చుట్టకపోతే చుక్కలు చుక్కలుగా కనపడుతుంది, గీతలా వెలగదు— ఎల్ఈడీ పట్టీలు దూర్చి, సోల్డరింగ్‌తో రెండు వేళ్ళు కాల్చుకుని… చేతులవీ కాళ్ళవీ అన్నిటికీ కలిపి ఒక్కటే స్విచ్, పిడికిట్లో పట్టేంత. దాన్ని పట్టుకెళ్ళి గ్లూలో పూడ్చిపెట్టారు!

ఏంటీ? "వెలుగుతున్నాయిగా"నా?

బావా… నాచేత అరిపించకండి. హాల్లో అందరూ చూస్తున్నారు… చూడనీ! వెలగడం ఎవరిక్కావాలి? ఆరాలి! హాలంతా చీకటి, మేం నల్ల బట్టల్లో, జనానికి స్టిక్కులే కనిపిస్తాయి, గీతలతో గీసిన బొమ్మల్లాగా. అక్క గాల్లోకి ఎగిరి టక్కున ఆర్పేస్తుంది. మాయం! అదే క్షణంలో అవతలి మూల నేను వెలుగుతా, అదే రంగులో. చూసేవాళ్ళకి అక్కే అంత దూరం ఎగిరిపోయినట్టుంటుంది. ఇప్పుడేమో మీ పుణ్యమా అని స్టేజీ మీద ఇద్దరు అక్కలు! ఒక్కదానితోనే వేగలేకపోతున్నారు కదా మీరు!

…

బ్యాటరీ పీకేయాలా? అది నడుం దగ్గరుంది. గాల్లో ఉన్న మనిషి నడుం దగ్గర ఎవరు పీకుతారు? మీరొచ్చి పీకుతారా?

…

ఆగండి. ఆగండాగండి. మళ్ళీ చెప్పండి.

…కావాలనే?

అంటే ఊడిపోతుందని అదీ ఇదీ… అంతా అబద్ధమా! నువ్వు— మీరు— ఛ!

పడింది. అవును, మొన్న రిహార్సల్లో పడింది. ఆర్పేశాక అంచు తెలీక స్టేజీ కిందకి కాలేసింది, చీలమండ వాచింది. నేను లేనా అక్కడ? వాపు ఎవరిది బావా? అక్కది. భయం ఎవరిది? మీది. మీ భయానికి అక్క లైట్లెందుకు వెలుగుతూ కూర్చోవాలి?

ఒక్క మాట అడగొచ్చు కదా తనని…

…వద్దంటుందనా! చూశారా, తెలుసు మీకు! తెలిసే చేశారు!

…

ఏం చేస్తోందా? నేల మీద కూర్చుని హెయిర్ డ్రైయర్‌తో మీ గ్లూ కరిగిస్తోంది. ఏడవట్లేదు. తిట్టట్లేదు కూడా. తిట్టినా బాగుండేది, నాకే భయంగా ఉంది.

ఉండండి… ఏంటక్కా? కదిలిందా? గోరుతో కాదే, స్పూను… ఆ, నొక్కు… బావా, ఆరింది! మళ్ళీ నొక్కక్కా… వెలిగింది! ఆరింది!

మీరు "హమ్మయ్య" అనకండి. మీకా హక్కు లేదు.

…ఆ, చెప్పక్కా… ఈయన్ని రమ్మనాలా? నిజంగానా? నేనైతే గేటు దగ్గరే ఆపేద్దును… సర్లే, నీ మొగుడు నీ ఇష్టం.

వింటున్నారా? మీ ఆవిడ ఆర్డరు. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల సాక్సులు. వాచీ తీసేయండి, మెరుస్తుంది. ఫోన్ బయటే ఇచ్చేయండి. స్టేజీ కింద, అంచు పక్కన నించోవాలి. అంతే.

…కాదు, ఎగరగానే పట్టుకోవడం కాదు! అంచు దాటితేనే. దాటకపోతే వేలు కూడా వెయ్యకూడదంట.

…ఎలా కనపడుతుంది బావా, చీకటి కదా? మీకూ కనపడదు. అడుగుల చప్పుడుకి చెవులు రిక్కించుకుని నించోండి.

…

మళ్ళీ ఎప్పుడు వెలిగిస్తుందా?

ఏమో. తనిష్టం. నేనడగలేదు, మీరూ అడక్కండి.

పెట్టేస్తున్నా.