నందివర్ధనం పురుగు

ఛత్రినాకలో ఇంటి ముందు సామాన్ల ఆటో ఆగి ఉంది. వేరు కాపురానికి పోతున్న కోడలు తన నందివర్ధనం కుండీని మాత్రం ఎక్కించలేదు.

“అది గూడ తీస్కపో. పూజకు పువ్వు దక్కలే, ఆ నీలికండ్ల పురుగు సగం చెట్టు మేసింది.”

“పురుగిప్పుడు లేదత్తమ్మా. పచ్చగుండేది మట్టిరంగుకు తిరిగి, కుండీ మట్టిలకు దిగింది. కదిలించొద్దు.”

“మట్టిల ఏం జేస్తది?”

“ఏం తినకుండ పండుకుంటది. రెండు మూడు వారాలకు రెక్కలతోని లేస్తది.”

“సీతాకోకచిలుకనా?”

“కాదు, చీకట్ల తిరిగే చిమ్మట. ఆకుపచ్చ రెక్కలు, మీద గులాబి చారలు. అప్పుడు చూడనీకి వస్త.”

“చూడనీకేనా?”

కోడలు ఆటో వైపు చూసింది. అత్త వంగి కొమ్మలన్నీ తిప్పి తిప్పి వెతికింది.

“ఇగో, ఈడ ఇంకోటి పచ్చగనే ఉన్నది. ఇది మట్టిలకు దిగేదాంక నేనొక్కదాన్నే ఎట్ల సాకుత? ఆటోను పొమ్మను.”