నీలి కోటు తొడిగిన మనిషి కోసం: శ్రీ ఎక్‌హార్ట్ థోర్మేలెన్ గారి పదవీ విరమణ సందర్భంగా

1988 అక్టోబరు 3, సోమవారం ఉదయం, తండ్రిగారి గుర్రపు జీన్ల దుకాణం మూతపడిన మూడు వారాలకు, శ్రీ ఎక్‌హార్ట్ థోర్మేలెన్ గారు మా హైడెన్‌బ్రూక్ అశ్వికదళ మ్యూజియంలో సహాయకునిగా చేరారు. ఒకప్పుడు డ్రాగూన్ అనే రౌతుల దళపు గుర్రపుశాలగా ఉన్న పొడవాటి ఇటుక కట్టడంలో అప్పటికి రెండు గదులే తెరిచి ఉండేవి. వాటిలో నాలుగు జీన్లు, ఏడు బల్లేలు, ఎవరిదో తెలియని ఒక శిరస్త్రాణం ఉండేవట. ఈ నవంబరు 30న ఆయన విరమణ పొందేనాటికి పదకొండు గదులు నిండాయి. చక్రవర్తుల కాలంలో మన ప్రాంతపు రౌతులు తొడిగినవీ, మోసినవీ, అరగదీసినవీ ఇన్ని ఒక్కచోట చేరాయంటే అది ఆయన ముప్పైయేడేళ్ళ ఓపిక ఫలితమే.

తొలి పదేళ్ళు ఆయన సైకిలు మీదే సేకరణ సాగించారు. పొగమంచు విడవని ఉదయాల్లో, పొదల మధ్య ఇసుక దారుల వెంట, ఒక్కొక్క పొలం ఇంటికీ వెళ్ళేవారు. వెళ్ళి కత్తి ఉందా, కోటు ఉందా అని అడిగేవారు కారు. ఆ ఇంటివారు పెట్టిన కాఫీ తాగి, వెన్న కేకు తిని, తీరికగా ఒకే ప్రశ్న వేసేవారు: "మీ తాతగారి గుర్రం పేరేమిటండీ?" తాత పుట్టిన ఏడు మరిచినవారు కూడా గుర్రం పేరు మరిచేవారు కారు. ఆ పేరు పలికాక, అటక మీది పెట్టె దానంతట అదే కిందికి దిగేదని ఆయన అంటారు. అందుకే మా రిజిస్టరులో వస్తువు పేరు, యజమాని పేరు పక్కన, మరే మ్యూజియంలోనూ నేను చూడని మూడో గడి ఉంది. అందులో గుర్రం పేరు ఉంటుంది. సాయంత్రం ఎండ బల్లేల మీద వాలే వేళ ఆ గడిని వరసగా చదివితే, ఖాళీ గుర్రపుశాలలో ఎవరో హాజరు పిలుస్తున్నట్టు ఉంటుంది.

ఆయన పేరు నలుగురికీ తెలిసింది 1991లో. రౌతు హిన్రిక్ బేన్ కుటుంబంవారు, హిన్రిక్ సొంతంగా కొనుక్కున్న శిరస్త్రాణం, నడికట్టు, బూట్లు ఇచ్చారు. అదే ఏడు, పక్క ఊరి పిండిమర అటక మీద, అదే దళం ముద్రతో, లేత నీలం రంగులో ఒక కోటు దొరికింది. కోటు కూడా హిన్రిక్‌దేనని నమ్మి, నాలుగింటినీ ఒక్క బొమ్మకు తొడిగి థోర్మేలెన్ గారు మొదటి గదిలో నిలబెట్టారు. మా మ్యూజియం పరిచయ పుస్తకం అట్ట మీద ఉన్నది ఆ బొమ్మే. హిన్రిక్ మనవరాలు శ్రీమతి ఆల్మా బేన్ గారు ప్రతి మే నెలలో వచ్చి, దాని ముందు ఒక గంట కూర్చుని వెళ్ళేవారు.

ఈ మార్చిలో ఆ కోటుకు పురుగు పట్టింది. బట్టల పరిరక్షణ నా పని గనుక, చంకకింద వేసిన పాత అతుకు కుట్లు విప్పాను. దాని కింద మరో ముద్ర కనిపించింది. ఆ రోజుల్లో కోట్లు రౌతులవి కావు, దళపు కొట్టువి. ఒకరు విప్పింది మరొకరికి ఇచ్చేవారు. కొత్తగా కుట్టిన ఏడు మాత్రం లోపలి గుడ్డ మీద ముద్రగా ఉండిపోయేది. ఆ ముద్ర 1912. హిన్రిక్ బేన్ కొలువు ముగించి ఇంటికి వెళ్ళింది 1909లో.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేకపోయాను. మూడో రోజు కోటును తిరగేసి బల్ల మీద పరిచి, పక్కన నిలబడ్డాను. థోర్మేలెన్ గారు కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. తర్వాత మొదటి గదిలోకి నడిచి, బొమ్మకు మిగిలిన నడికట్టు వెనకవైపు తడిమి, మడత పెట్టి గుచ్చిన గుండుసూదిని బయటికి తీశారు.

"ముప్పైనాలుగేళ్ళుగా ఈ సూది నాకు చెబుతూనే ఉందమ్మాయ్, నడికట్టు మనిషి వేరు, కోటు మనిషి వేరని. జీన్లు కుట్టేవాడి కొడుకునై ఉండి, తోలు సాగిందిలే అనుకున్నాను."

విరమణ సభ అయ్యేదాకా ఆగుదామని, గౌరవంగా వెళ్ళవలసిన ఏడాదిలో ఈ మాట ఎందుకని, డైరెక్టరు గారు మంచి మనసుతోనే సూచించారు. థోర్మేలెన్ గారికి తన పేరు పోతుందన్న చింత కంటే, ఆల్మా గారి కుర్చీ ఖాళీ అవుతుందన్న దిగులే ఎక్కువగా ఉండేది. అయినా ఒప్పుకోలేదు. "ఆవిడకి ఎనభై ఎనిమిదండీ. వచ్చే ఏడాది చెబుదాం అనే మాట ఆవిడ దగ్గర వాడకూడదు," అన్నారు.

మే నెలలో ఆమె వచ్చారు. ఆయన కుర్చీ వేసి, ఎదురుగా నిలబడి, జరిగినదంతా దాచకుండా చెప్పారు. తప్పు తనదేనని, క్షమించమని అడిగారు. ఆమె కర్ర మీద గడ్డం ఆనించి విన్నారు.

"ఇది మా తాతది కాదని నాకెప్పుడో తెలుసు నాయనా. పెళ్ళి ఫోటోలోనే ఆయనకి ఇంత పొట్ట. ఈ కోటు ఆయనకి ఒక చేతికి కూడా చాలదు."

"మరి నాతో ఒక్కసారైనా అనలేదేమండీ?"

"నువ్వంత ముచ్చటపడి చూపిస్తుంటే ఎలా అనను? మొదటి ఏడు మొహమాటానికి ఊరుకున్నాను. తర్వాత ఈ సన్నటి పిల్లాడి మీద జాలేసింది. మా తాతకి మేమున్నాం, వీడికోసం ఎవరూ రావట్లేదు కదా, పోనీ నేనే వద్దామని వచ్చేదాన్ని." కర్రతో కోటును చూపించి, "సరే, ఇప్పుడైనా వీడెవరో కనుక్కో. ఊరికే ఇంట్లో కూర్చుంటే నీ పెళ్ళాం తిడుతుంది," అన్నారు. కాపలా కాసే యోఖెన్ గారు తల అటు తిప్పుకుని నవ్వడం నేను చూశాను.

ఆ వారమే థోర్మేలెన్ గారు రిజిస్టరులో పాత నమోదును కొట్టేసి, కింద సంతకం చేశారు. హిన్రిక్ బేన్ శిరస్త్రాణం, బూట్లు, మడత విప్పిన నడికట్టు ఇప్పుడు ఒక అద్దాల పెట్టెలో ఉన్నాయి. నీలి కోటు వేరే పెట్టెలో, తలా కాళ్ళూ లేకుండా, ఒంటరిగా నిలబడి ఉంది. ముందుకంటే జనం దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతున్నారు. మధ్యాహ్నపు వెలుగు అద్దంలోంచి పడినప్పుడు, ఆ భుజాలు అప్పుడే ఊపిరి తీసుకున్నట్టు అనిపిస్తుంది.

కొత్త నమోదులో రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఒకటి మనిషి పేరుకు, మరొకటి గుర్రం పేరుకు. 1912 నాటి దళపు జాబితాలో నూట ముప్పైయేడు పేర్లున్నాయి. ఒక్కో కుటుంబాన్ని వెతికి, కాఫీ తాగి, ప్రశ్న అడిగి రావడానికి నెల పడుతుందని థోర్మేలెన్ గారే లెక్క చెప్పారు. అంటే పదకొండేళ్ళ పైచిలుకు. ఆయన భార్య శ్రీమతి గెజీనె గారు ఇప్పటికే సైకిలుకు కొత్త టైర్లు వేయించారని తెలిసింది.

కాబట్టి, మాన్యులు థోర్మేలెన్ గారికి ఆ పదకొండేళ్ళూ, ఆపైన మరెన్నో ఏళ్ళూ, మోకాళ్ళ నొప్పి ఎరుగని ఆరోగ్యం, తేటగా కనిపించే కళ్ళు, ప్రతి గుమ్మంలోనూ వేడి కాఫీ దొరకాలని మ్యూజియం సిబ్బంది అందరి తరఫునా కోరుకుంటున్నాను. ఆల్మా గారి కుర్చీ నీలి కోటు ముందుకు మార్చాము. రిజిస్టరును ఆ పుట దగ్గరే తెరిచి ఉంచాము. పెన్నులో సిరా నింపి పక్కన పెట్టాము.

వీబ్కే హార్మ్స్
వస్త్ర పరిరక్షణ విభాగం